మూడు ప్లస్సులు

చెట్టు మీంచి పడిపోతే ఎంతిస్తారో
ముందు అదే అడిగాను సూరిబాబు గారిని.
ఇరవై రెండేళ్ళుగా దింపు తీస్తున్నవాణ్ణి,
పడటం తప్ప
చావు గురించి నాకు వేరే ఊహ లేదు.

ఆయన కాగితాలు మంచం మీద పరిచి
టిక్కులు పెట్టుకుంటూ పోయాడు.
చుట్టా బీడీ? లేదు. మందు? తీర్థాలకి.
నామినీ? గుత్తుల వీరవేణి, భార్య.
మాత్రలేవైనా వాడుతున్నావా?
లేదండి, అన్నాను.
అబద్ధం కాదు.
రాత్రి అన్నంలోకి ఉల్లిపాయ ఎలాగో
మోకాళ్ళకి ఆ నొప్పి బిళ్ళ అలాగ.
కిళ్ళీ కొట్లో దొరికేదాన్ని
మందని ఎవడనుకుంటాడు?

పరీక్ష రోజు పొద్దున్నే
మూడు బొండాలు కొట్టుకు తాగాను.
ఒంట్లో చెడుగంతా కడిగేస్తాయని
మా అయ్య చెప్పేవాడు.
అంబాజీపేటలో కొబ్బరి కొట్ల వెనక ల్యాబు.
ప్రిస్కిల్లా అనే పిల్ల
నా పేరు అంటించి డబ్బా చేతికిచ్చింది.
సగం చాలన్నా, అంచుదాకా నింపాను.
తిరిగిచ్చేటప్పుడు చెయ్యి వణికింది,
యాభై అడుగుల పైన
గెల నరికే చెయ్యి.
మూత కింద నురగ నిలబడి ఉంది,
అప్పుడే దింపిన కల్లు ముంతలోలాగ.
ఆ నురగ నాకు కొత్త కాదు.
ఏడాదిగా చెట్ల మొదళ్ళలో చూస్తున్నదే.

నాలుగో రోజు కాగితమొచ్చింది.
ప్రోటీన్ అని రాసి, పక్కన మూడు ప్లస్సులు.
ప్లస్సంటే మంచిదేగా, అన్నాను.
బళ్ళో నాకొచ్చిన లెక్క అదొక్కటే,
కూడిక.
సూరిబాబు గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.
"కూడిక కాదురా పల్లయ్యా,
ఒంట్లో ఉండాల్సింది కారిపోతంది."
కంపెనీ వాళ్ళు ఆరు నెలలాగి చూస్తారట.
తర్వాత గొంతు తగ్గించాడు.
"ఇంకో దారుందిలే.
మీ బామ్మర్ది చినబుల్లి, ఇనప ముక్కలాంటోడు.
ఆడి చేత పోయించి నీ పేరు అంటిద్దాం,
వేరే కంపెనీలో."

వీరవేణి గుమ్మంలో చేపలు తోముతోంది.
తలెత్తలేదు.
"మా తమ్ముడి ఉచ్చకి రాసిచ్చే డబ్బు
నాకెందుకండి?
ఆరోగ్యం ఆడిదీ, చావు ఈయనదీనా?"
సూరిబాబు గారు టీ తాగకుండానే లేచాడు.

కాయని ఒక్కసారి తట్టి చెప్పగలను
లేతదో, ముదురుదో,
అటక మీద ఏడాది ఎండి
లోన గలగల్లాడే కురిడీయో.
నడుం వెనక నాకూ రెండున్నాయట.
ఇన్నేళ్ళలో వాటినొక్కసారీ తట్టి చూసుకోలేదు.
అమలాపురం పెద్ద డాక్టరు
అక్కడే వేళ్ళతో కొట్టి చూసి,
"రోజుకెన్ని?" అన్నాడు.
నలభై, అన్నాను.
చెట్లు కాదయ్యా, బిళ్ళలు, అన్నాడు.

ఆ రాత్రి వీరవేణి
చూరులోవీ, గోడగూట్లోవీ,
కత్తి ఒరలో నేను దాచుకున్నవీ
అట్టలన్నీ ఏరి పొయ్యిలో పడేసింది.
వెండి కాగితం ముడుచుకుపోతూ
కాసేపు ఏవో రంగులు చూపించింది.
నా మోకాళ్ళు తెల్లారేదాకా
ఆవిణ్ణి తిడుతూనే ఉన్నాయి.

ఇప్పుడు రోజూ బోదె గట్టున కూచుని
నురగ కరిగేదాకా అంకెలు లెక్కపెడతాను.
నిన్న నూట పద్దెనిమిది.
ఇవాళ తొంభై దాటిందో లేదో
తోటలోంచి కేకేశారు,
ఎక్కుతావా, ఇంకోణ్ణి పిలవమంటావా, అని.
పైకి చూశాను.
మట్టల మధ్య ఎండ పడుతోంది.
అక్కడిదాకా వెళ్తే వైనతేయ కనపడుద్ది,
ఈ పొద్దున పోటు మీదుందో, పాటు మీదుందో.
ఆయ్, వస్తన్నానండి, అన్నాను.

లెక్క ఎక్కడ ఆపానో మర్చిపోయాను.